ఐదు అట్టముక్కలతో కంప్యూటర్ లెక్క

కంప్యూటర్‌కు ఏ భాష వచ్చు అని ఎనిమిదో తరగతి పిల్లల్ని అడిగితే సగం మందికి పైగా ఇంగ్లీషు అంటారు. ఇంగ్లీషు సరిగా రాని మనకు కంప్యూటర్ ఏం వస్తుందిలే అన్న దిగులు ఆ జవాబు వెనకే ఉంటుంది. తెలుగు, ఉర్దూ మీడియం పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. నిజానికి కంప్యూటర్‌కు ఇంగ్లీషూ రాదు, తెలుగూ రాదు, ఉర్దూ రాదు. దానికి తెలిసినవి రెండే సంగతులు: కరెంటు ఉంది, లేదు. వాటినే 1, 0 అని రాసుకుంటాం. ఈ పద్ధతినే బైనరీ అంటారు.

నేను చాలా ఏళ్లు దీన్ని పేలవంగానే చెప్పాను. సంఖ్యను 2తో భాగిస్తూ పో, శేషాలను కింది నుంచి పైకి రాయి, అంతే. పిల్లలకు మార్కులు వచ్చేవి. కింది నుంచి పైకే ఎందుకు రాయాలని ఒకమ్మాయి అడిగితే "రూల్ అంతేనమ్మా" అన్నాను. ఆ మాట నాకే సిగ్గనిపించి పద్ధతి మార్చాను.

ఇంట్లో పడివున్న పాత పెళ్లికార్డులు ఐదు తీసుకోండి. ఖాళీ వైపు వరసగా 16, 8, 4, 2, 1 చుక్కలు పెట్టండి. ఐదుగురు పిల్లల్ని నిలబెట్టి, చూసేవాళ్లకు ఎడమ చివర 16, కుడి చివర 1 వచ్చేలా కార్డులివ్వండి. చుక్కలు చూపిస్తే 1, తిప్పేస్తే 0. ఇప్పుడు 13 చూపించమనండి. 16 ఎక్కువైపోతుంది, వద్దు. 8 కావాలి, 4 కావాలి, 2 వద్దు, 1 కావాలి. బోర్డు మీద 01101 అని రాయండి. తర్వాత 31 అడిగితే కార్డులన్నీ కనిపిస్తాయి. వెంటనే 32 అడగండి. కాసేపు గొడవ జరుగుతుంది. అప్పుడు మాత్రం దయచేసి మీరు నోరు విప్పకండి. "ఇంకొకరు కావాలి సార్" అని వాళ్లే అంటారు, ఆరో కార్డు మీద ఎన్ని చుక్కలుండాలో కూడా వాళ్లే చెబుతారు.

ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబూ ఇక్కడే ఉంది. 13ను 2తో భాగిస్తే మొదట మిగిలే 1, ఆ సంఖ్య సరా బేసా అన్నది చెబుతుంది. అంటే అది ఒక్క చుక్క కార్డు సంగతి. ఆ కార్డు కుడి చివర ఉంది కాబట్టి మొదటి శేషం చివరికి వెళుతుంది.

పది అంకెలుండగా రెండే ఎందుకని తప్పకుండా అడుగుతారు. పక్కగదిలో ఫ్యాన్ మూడులో ఉందా నాలుగులో ఉందా అంటే తడబడతాం. లైటు వెలుగుతోందా లేదా అంటే ఎవరైనా చెబుతారు. కంప్యూటర్ లోపల కోట్ల కొద్దీ ఉండే ట్రాన్సిస్టర్లు చిన్న స్విచ్చుల్లాంటివి. ఓల్టేజీ కొంచెం అటూ ఇటూ అయినా ఉంది, లేదు అన్న తేడా చెడిపోదు. పది మెట్లు పెడితే 6 కాస్తా 7 అయిపోతుంది.

పెద్ద తరగతుల వాళ్లకు ఛందస్సు గుర్తుచేయండి. మూడక్షరాల గణాలు ఎనిమిదే ఎందుకు? గురువు, లఘువు అనే రెండింటిని మూడు చోట్ల ఎన్ని రకాలుగా పెట్టినా ఎనిమిదే వస్తాయి. మూడు కార్డులతో 0 నుంచి 7 దాకా వచ్చేవీ ఎనిమిదే. తెలుగు పీరియడులో బట్టీ పట్టింది లెక్కల పీరియడులో ఎదురయ్యేసరికి పిల్లల ముఖాలు చూడాలి!

చివరగా అక్షరాలు. ప్రపంచ భాషల అక్షరాలకు నంబర్లు ఇచ్చిన పట్టిక పేరు యూనికోడ్. అందులో ఇంగ్లీషు పెద్ద ఏ నంబరు 65, ఉర్దూ అలిఫ్ 1575, తెలుగు అ 3077. ఏడుగురు పిల్లలు నిలబడితే ఇంగ్లీషు ఏ, పదకొండు మందితో అలిఫ్, పన్నెండు మందితో మన అ. ఆ పన్నెండు మందిలో 2048, 1024, 4, 1 కార్డుల వాళ్లు నలుగురే చూపించాలి, మిగతావాళ్లు తిప్పేయాలి. ఇంత పెద్ద కార్డుల మీద చుక్కలు పెట్టే ఓపిక ఎవరికీ ఉండదు, అంకె రాస్తే చాలు.