మెటియాబ్రుజ్ మేడలపై సాయంకాలం: నాడు రాజు చేసిన నేరం, నేడు నాన్నల విశ్రాంతి

కోల్‌కతా నగరానికి నైరుతి దిక్కున, హుగ్లీ నది ఒడ్డున, రేవును ఆనుకొని మెటియాబ్రుజ్ ఉంది. వినడానికి కొత్తగా ఉన్నా ఈ పేరు తెలుగువారికి పరాయిది కాదు. ‘మట్టి బురుజు’ అన్న మాటకు అది మరో రూపం. పూర్వం ఈ తీరాన ఉన్న మట్టి కట్టడం నుంచి ఆ పేరు వచ్చిందని చెబుతారు.

మెటియాబ్రుజ్ నేడు దర్జీల ఊరు. ఇరుకు సందుల్లో, ఇళ్లలోనే నెలకొన్న చిన్న చిన్న కార్ఖానాల్లో కుట్టు మిషన్ల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఇక్కడ కుట్టిన దుస్తులు, ముఖ్యంగా పిల్లల దుస్తులు, దేశంలోని అనేక ప్రాంతాలకు చేరుతాయి. ఈద్, దుర్గా పూజ సమీపించాయంటే పనికి వేళాపాళా ఉండదు. అలా రోజంతా సూదిమొన మీదే చూపు నిలిపిన తండ్రి, మిషను ఆపిన తర్వాత ఎలా సేద తీరుతాడు?

ఈ ప్రశ్నకు సమాధానం చాలాసార్లు మేడ మీద దొరుకుతుంది. గాలిపటాలు, పావురాలు ఈ ప్రాంతపు పాత కాలక్షేపాలు. వాటి వెనుక, తీరిక వేళ చేసిన పనులే నేరాలుగా లెక్కకు వచ్చి, రాజ్యాన్నే పోగొట్టుకున్న ఒక రాజు కథ ఉంది.

రాజుపై మోపిన అభియోగం

అవధ్ చివరి పాలకుడు వాజిద్ అలీ షా 1847లో లక్నోలో సింహాసనం ఎక్కారు. ఆయన కవి. ‘అఖ్తర్’ అన్న కలం పేరుతో రచనలు చేశారు. ఠుమ్రీని, కథక్ నృత్యాన్ని ఆదరించారు. రాధాకృష్ణుల కథను నాటకంగా రూపొందించి ప్రదర్శింపజేశారు. గాలిపటాలన్నా, పావురాలన్నా ఆయనకు ప్రాణం.

ఈస్టిండియా కంపెనీ దృష్టికి ఇవి వేరుగా కనిపించాయి. రాజు పాలనను గాలికి వదిలి గాయకులతో, నర్తకులతో కాలం గడుపుతున్నారన్నది కంపెనీ అధికారుల ఫిర్యాదుల్లో ప్రధానమైనది. 1856 ఫిబ్రవరిలో రెసిడెంట్ జేమ్స్ ఔట్రామ్ రాజ్యాన్ని అప్పగించే ఒడంబడికను ఆయన ముందుంచారు. రాజు తన తలపాగా తీసి ఔట్రామ్ చేతిలో పెట్టారు గాని సంతకం మాత్రం చేయలేదు. అయినా గవర్నర్ జనరల్ డల్హౌసీ పాలనలో అవధ్ కంపెనీ వశమైంది.

ఆ పాలనలో లోపాలు లేవని చెప్పలేము. కానీ సంపన్నమైన అవధ్ మీద కంపెనీ చూపు ఎంతోకాలంగా ఉంది. రాజు కాలక్షేపాలు అందుకు అనువైన సాకు అయ్యాయి. తనపై మోపిన అభియోగాలకు వాజిద్ అలీ షా కలకత్తా చేరిన తర్వాత రాతపూర్వకంగా సమాధానమిచ్చారు. ప్రేమ్‌చంద్ కథ ఆధారంగా సత్యజిత్ రాయ్ 1977లో తీసిన ‘శత్రంజ్ కే ఖిలాడీ’ చిత్రంలో ఔట్రామ్ తన సహాయకుడితో రాజు దినచర్యను గురించి చర్చించే సన్నివేశం ఉంది. రాజు ఏ వేళ ఏమి చేశారో ఆ నివేదిక చెబుతుంది. నమాజు, పాట, గాలిపటం అన్నీ అందులో ఒకే వరుసలో నిలిచి సాక్ష్యాలుగా మారతాయి.

హుగ్లీ ఒడ్డున మరో లక్నో

1856 మే నెలలో వాజిద్ అలీ షా కలకత్తా చేరుకున్నారు. లండన్ వెళ్లి విక్టోరియా రాణికి మొర పెట్టుకోవాలన్నది ఉద్దేశం. ఆరోగ్యం సహకరించక ఆయన ఆగిపోయారు. ఆయన బదులు తల్లి ఓడ ఎక్కారు. మొర ఫలించలేదు. ఆమె తిరుగు ప్రయాణంలో 1858లో పారిస్‌లో మరణించారు.

1857 తిరుగుబాటు మొదలవగానే బ్రిటిష్ వారు వాజిద్ అలీ షాను ఫోర్ట్ విలియంలో నిర్బంధించారు. 1859లో విడుదలైన తర్వాత ఆయన మెటియాబ్రుజ్‌లోనే స్థిరపడ్డారు. ఏడాదికి 12 లక్షల రూపాయల భరణం నిర్ణయమైంది. ఆ సొమ్ముతో భవనాలు, ఇమాంబాడా, తోటలు, జంతుశాల వెలిశాయి. ఆయనను అనుసరించి లక్నో నుంచి గాయకులు, వంటవారు, దర్జీలు, పావురాలను సాకేవారు తరలివచ్చారు. సంగీత నృత్యాల గురించి ఆయన రచించిన ‘బానీ’ ఈ ప్రవాస కాలంలోనిదే.

ఉర్దూ రచయిత అబ్దుల్ హలీమ్ షరర్ బాల్యంలో కొంత భాగం ఇక్కడే గడిచింది. ఆయన తండ్రి నవాబు కొలువులో పనిచేసేవారు. మెటియాబ్రుజ్ అచ్చంగా మరో లక్నోలా ఉండేదని షరర్ తర్వాతి కాలంలో రాశారు. పట్టులాంటి రెక్కలున్న ఒక పావురాల జంటకు నవాబు 24 వేల రూపాయలు చెల్లించారని కూడా ఆయన పేర్కొన్నారు. రాజ్యం పోయినా ఖర్చు తగ్గలేదన్న విమర్శకు ఇలాంటి వివరాలే ఆధారం.

ఈ ప్రాంతంతో తెలుగువారికి మరో బంధమూ ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే, ఆ తర్వాత ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయాలు పక్కనున్న గార్డెన్ రీచ్‌లోనే వెలిశాయి. 2003లో తూర్పు కోస్తా రైల్వే పరిధిలోకి మారేవరకు వాల్తేరు డివిజన్‌కు ఆదేశాలు వచ్చింది ఇక్కడి నుంచే. నవాబు తొలి రోజుల్లో బస చేసిన బంగళా తర్వాత రైల్వే ఉన్నతాధికారి నివాసమైందని చెబుతారు.

కొడుకు దూరమైన తండ్రి

వాజిద్ అలీ షా ఒక తండ్రి కూడా. ఆయన కలకత్తా ప్రయాణమైనప్పుడు బేగం హజ్రత్ మహల్, కుమారుడు బిర్జిస్ ఖద్ర్ లక్నోలోనే ఉండిపోయారు. 1857లో తిరుగుబాటుదారులు ఆ బాలుణ్ణి సింహాసనంపై కూర్చోబెట్టారు. అప్పుడు తండ్రి ఫోర్ట్ విలియంలో బందీగా ఉన్నారు. తిరుగుబాటు అణగిన తర్వాత తల్లీకొడుకులు నేపాల్‌లో తలదాచుకున్నారు. హజ్రత్ మహల్ 1879లో కాఠ్‌మాండూలోనే కన్నుమూశారు. 1887లో తండ్రి మరణించిన తర్వాతే బిర్జిస్ కలకత్తా వచ్చారు. 1893లో ఆయన కూడా ఇక్కడే మరణించారు.

‘బాబుల్ మోరా’ అనే ఠుమ్రీ వాజిద్ అలీ షా రచనగా ప్రసిద్ధం. పుట్టిల్లు విడిచిపోతున్న ఆడపిల్ల తండ్రిని ఉద్దేశించి పాడే పాట అది. లక్నోను విడిచిన రాజు బాధ అందులో ఉందని చాలామంది భావిస్తారు. కుందన్ లాల్ సైగల్ గొంతులో 1938 నాటి ‘స్ట్రీట్ సింగర్’ చిత్రం ద్వారా అది దేశమంతటికీ చేరింది.

నవాబు మరణానంతరం ఆస్తులు చేతులు మారాయి. జంతుశాల చెదిరిపోయింది. ఆయన సమాధి ఉన్న సిబ్తైనాబాద్ ఇమాంబాడా నేటికీ నిలిచి ఉంది. భవనాలతో పాటు అంతరించకుండా మిగిలినవి కొన్ని అలవాట్లు. వాటిని కొనసాగించడానికి 12 లక్షల భరణం అవసరం లేదు. కొంత కాగితం, కొంత వెదురు, కొంత దారం ఉంటే చాలు.

దారం బిగిస్తే ముందుకు, వదిలితే మలుపు

తెలుగునాట గాలిపటమంటే సంక్రాంతి. హైదరాబాద్ ధూల్‌పేటలో జనవరి కోసం ఏడాది పొడవునా పతంగులు తయారవుతాయి. కోల్‌కతాలో మాత్రం ఆ సందడి సాధారణంగా సెప్టెంబరు 17న వచ్చే విశ్వకర్మ పూజకు. ఆ రోజు కార్ఖానాల్లో యంత్రాలను, పనిముట్లను పూజించి పని ఆపుతారు. పనిముట్టుకు విశ్రాంతి దొరికిన రోజే పనివాడు మేడ ఎక్కుతాడు. ముస్లింలు అధికంగా నివసించే మెటియాబ్రుజ్‌లో తయారైన గాలిపటాలు ఆ పండుగనాడు నగరమంతటా ఎగురుతాయి.

బెంగాలీలో గాలిపటం ‘ఘుడి’, చరఖా ‘లాటాయి’. ఎదుటి పటం తెగగానే మేడమేడ నుంచీ ‘భోకాట్టా’ అన్న కేక వినిపిస్తుంది. రంగులను, అతుకులను బట్టి పటాలకు పేట్‌కాటి, చాందియాల్, ముఖ్‌పోడా వంటి పేర్లున్నాయి.

ఈ పందెపు పటానికి తోక ఉండదు. దాని నడక వెనుక చక్కని సూత్రం ఉంది. దారాన్ని బిగించినప్పుడు గాలి ఒత్తిడికి అడ్డ పుల్ల వెనక్కి వంగుతుంది. అప్పుడు పటం నిలకడగా తన ముక్కు చూపిన దిక్కుకే దూసుకుపోతుంది. దారం వదలగానే పుల్ల చదునుగా మారి, నిలకడ తప్పి పటం తిరుగుతుంది. కోరుకున్న దిక్కుకు ముక్కు తిరిగిన క్షణంలో మళ్లీ బిగించాలి. దిక్కు మార్చాలంటే ముందు వదలక తప్పదు. ఈ కిటుకు పుస్తకాల ద్వారా అబ్బదు. లాటాయి పట్టుకొని పక్కన నిలబడిన బిడ్డకు తండ్రి వేళ్ల కదలిక చూస్తేనే అర్థమవుతుంది.

పావురాల పెంపకానిదీ ఇదే తీరు. గూళ్లు శుభ్రం చేయడం, గింజలు, నీళ్లు పెట్టడం, గుంపును ఎగరవేసి ఈలతో వెనక్కి పిలవడం రోజూ చేయాల్సిన పనులు. ఎగిరిపోగలిగిన పక్షి తన గూటికే తిరిగి రావడంలోని సంతోషం కోసమే ఇంత శ్రమ.

మేడ లేనివారికి వీధి ఉంది. మన ఊళ్ల అరుగులు, రచ్చబండల వంటిదే బెంగాల్ ‘అడ్డా’. టీ కప్పుల మధ్య, క్యారమ్ బల్ల చుట్టూ మాటలు సాగుతాయి. 1934లో కలకత్తా ఫుట్‌బాల్ లీగ్ గెలిచిన తొలి భారతీయ క్లబ్‌గా నిలిచి, వరుసగా ఐదేళ్లు ఆ టైటిల్‌ను నిలబెట్టుకున్న మహమ్మడన్ స్పోర్టింగ్ గురించి తాతలు చెప్పిన కబుర్లను తండ్రులు పిల్లలకు అందిస్తారు.

అలసట తీరడం అంటే ఏమిటి?

పని తర్వాత కోలుకోవడం గురించి పరిశోధకులు సబీన్ జోనెన్‌టాగ్, షార్లెట్ ఫ్రిట్జ్ 2007లో ఒక కొలమానాన్ని ప్రతిపాదించారు. అందులో నాలుగు అంశాలున్నాయి. పని ఆలోచన నుంచి మనసు విడివడటం, శరీరం సడలడం, ఏదో ఒక నైపుణ్యం సాధిస్తున్నామన్న తృప్తి, ఆ సమయం తన చేతిలోనే ఉందన్న భావన.

గాలిపటాన్ని ఈ నాలుగింటితో పోల్చి చూడవచ్చు. పటం గాలిలో ఉన్నంతసేపు ఆర్డర్ల గడువు గుర్తు రాదు. గెలుపు ఓటములు ఎవరి చేతి నేర్పును బట్టి వారివి. ఎప్పుడు దించాలో చెప్పే యజమాని ఉండడు. కళ్ల సంగతి సరేసరి. దగ్గరి వస్తువును చూసేటప్పుడు కంటిలోని కండరం బిగుసుకొని పనిచేస్తుంది. దూరానికి చూసినప్పుడు సడలుతుంది. దినమంతా సూదిని చూసిన కంటికి ఆకాశాన్ని చూడటమే విశ్రాంతి. సూర్యుని వైపు నేరుగా చూడకుండా జాగ్రత్త పడాలి.

ఎవరి తీరిక? ఎవరి మెడ?

అయితే ఈ చిత్రంలో కనిపించని మనిషి ఒకరున్నారు. నాన్న మేడ ఎక్కిన సాయంత్రం అమ్మ ఎక్కడుంది? జాతీయ గణాంక కార్యాలయం 2024లో నిర్వహించిన కాల వినియోగ సర్వే ప్రకారం, వేతనం లేని ఇంటి పనులు చేసే మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నారు. ఆ పనుల్లో పాల్గొనే పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు. తండ్రి విశ్రాంతి తల్లి శ్రమ మీద నిలబడకూడదు. లాటాయి కూతురి చేతికీ అందాలి. అప్పుడప్పుడు అమ్మ మేడ ఎక్కే వేళకు నాన్న పొయ్యి దగ్గర నిలబడాలి.

రెండో ప్రశ్న దారం గురించి. సంప్రదాయ మాంజా నూలు దారానికి జిగురు, గాజు పొడి పట్టించి చేసేది. తర్వాత వచ్చిన నైలాన్ దారం తెగదు, మట్టిలో కలవదు. అది పక్షుల రెక్కలను, మనుషుల మెడలను కోస్తుంది. కోల్‌కతాలోని మా ఫ్లైఓవర్ మీద గాలిపటాల దారం తగిలి ద్విచక్ర వాహనదారులు గాయపడిన సంఘటనలు అనేకం. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నైలాన్, ఇతర సింథటిక్ మాంజాలపై దేశవ్యాప్తంగా నిషేధం విధించింది. పిట్టగోడ లేని మేడలు, పందేలలో పెట్టే సొమ్ము కూడా ప్రమాదకరమైనవే. ఒకరి సరదా మరొకరి ప్రాణం మీదకు వచ్చినప్పుడు దానిని విశ్రాంతి అనలేము.

మిగిలేది

నవాబు గాలిపటాన్ని కంపెనీ సోమరితనానికి సాక్ష్యంగా చూపింది. నేటికీ ఇళ్లలో ఆ తీర్పు వినిపిస్తూనే ఉంటుంది. పని లేని వేళ తండ్రి తనకు ఇష్టమైనది చేస్తూ కనిపిస్తే, అది వృథా కాలమని అనేవారున్నారు. తండ్రులే తమను తాము అలా అనుకోవడమూ ఉంది. రాజు ఆ తీరికకు చెల్లించిన మూల్యం వేరు. తన సింహాసనం మీద కూర్చున్న కొడుకును ఆయన మళ్లీ చూడలేకపోయారు. దర్జీ తండ్రికి రాజ్యం లేదు. కానీ వెలుతురు ఉన్న ఆ కొద్దిసేపు బిడ్డ పక్కనే నిలబడి ఉంటుంది.

చీకటి పడగానే పటాలు దిగుతాయి. దారాన్ని లాటాయికి చుట్టే పని మాత్రం ఒంటరిగా అంత సులువు కాదు. ఒకరు దారం అందించాలి, ఒకరు లాటాయి తిప్పాలి. మెటియాబ్రుజ్ మేడల మీద ఆ రెండో మనిషి సాధారణంగా ఇంట్లోని చిన్న బిడ్డే.