లండను మంత్రివర్గమూ, మన ఇంటి కాసులపేరూ

దేశానికి ఆపద వచ్చినప్పుడు పార్టీలన్నీ ఒక్కటి కావాలనే మాట వినడానికి ఎంతో ఇంపుగా ఉంటుంది. దానిని 1931లో ఇంగ్లండు ఆచరించి చూచింది. ఆ కథలో మన ముత్తవ్వల నగల ప్రసక్తి కూడా ఉన్నది గనుక, కొంచెం ఓపికగా వినండి.

అప్పటి ప్రధాని రామ్సే మాక్డొనాల్డ్. స్కాట్లండులో ఒక బెస్తవూరిలో, ఇళ్లలో పని చేసుకొని బ్రతికిన తల్లికి పుట్టి, లేబర్ పార్టీని పెంచి పెద్దచేసిన మనిషి. 1929లో ఆయన పార్టీకి అందరికన్నా ఎక్కువ స్థానాలు వచ్చాయి గాని మెజారిటీ రాలేదు. ఆ అక్టోబరులోనే న్యూయార్కు షేరుబజారు కూలింది. 1931 వేసవినాటికి బ్రిటనులో నిరుద్యోగులు 27 లక్షలు. మే నెలలో వియన్నాలో ఒక పెద్ద బ్యాంకు, జులైలో జర్మనీ బ్యాంకులు దెబ్బతిన్నాయి. బెదిరిన విదేశీయులు లండనులో దాచిన సొమ్మును బంగారంగా మార్చి పట్టుకుపోసాగారు. పౌనుకు ఇంత బంగారం ఇస్తామన్న మాట మీదనే ఆనాటి పౌను గౌరవమంతా నిలిచి ఉండేది మరి!

బడ్జెటులో 12 కోట్ల పౌనుల లోటు రానున్నదని ఒక సంఘం తేల్చి, నిరుద్యోగభృతిని నూటికి 20 వంతున తగ్గించమన్నది. ఖర్చులు తగ్గిస్తేగాని అప్పు పుట్టేటట్టు లేదు. ఆగస్టు 23, ఆదివారం రాత్రి మంత్రివర్గం కూర్చున్నది. నూటికి 10 కోతకు 11 మంది సరే అన్నారు, 9 మంది ససేమిరా అన్నారు. రాజీనామా ఇవ్వబోయిన మాక్డొనాల్డును జార్జి చక్రవర్తి ఆపాడు. మరునాడు కన్సర్వేటివులతో, లిబరల్సుతో కలిసి ఆయనే మళ్లీ ప్రధాని అయినాడు. 10 మంది మంత్రులు. పేరు 'జాతీయ ప్రభుత్వం'. సొంత పార్టీ ఆయనను వెలివేసింది.

కోతలు మొదలైనాయి. భృతి తగ్గింది, బడిపంతుళ్ల జీతాలు తగ్గాయి. రోజుకు 4 షిల్లింగులు తెచ్చుకునే నావికుడికి 3 షిల్లింగులే అన్నారు. సెప్టెంబరు 15న ఇన్వర్గార్డన్ రేవులో నావికులు ఓడలు కదలనివ్వలేదు. బ్రిటిష్ నౌకాదళమే మొరాయించిందని తెలిసి షావుకార్లు మరింత బెదిరిపోయారు. సెప్టెంబరు 21న పౌను బంగారాన్ని వదిలేసింది. ఏ బంగారు పౌనును కాపాడటానికి ఆ ప్రభుత్వం పుట్టిందో, అది 28 రోజులకే పోయిందన్నమాట! ఆకాశమేమీ విరిగి పడలేదు. మరుసటి సంవత్సరం వడ్డీలు దిగివచ్చాయి కూడా. మరి పేదవాడి భృతి కోసినది ఎందుకు? ఆ ప్రశ్న అడిగినవారికి అక్టోబరు ఎన్నికలలో దక్కినవి 52 స్థానాలు. జాతీయ ప్రభుత్వానికి 554. అందులో 470 దాకా కన్సర్వేటివులే. మాక్డొనాల్డు 1935 దాకా ప్రధానిగా ఉన్నాడు గాని, సభలో ఆయన బలమంతా ఎరువుసొమ్మే.

ఇక మన సంగతి. రెండవ రౌండు టేబులు సమావేశానికి గాంధీగారు సెప్టెంబరు 12న లండను చేరేసరికి ఇండియా మంత్రి మారిపోయాడు. కొత్తాయన కన్సర్వేటివ్ సామ్యూల్ హోర్. పౌను పడిపోయినా రూపాయిని దానికే, 18 పెన్నీల లెక్కన, కట్టివేస్తున్నామని ఆయన చెప్పాడు. మనలను అడిగినవారు లేరు. దానితో తులం 21 రూపాయల చిల్లర ఉన్న బంగారం కొన్ని నెలలలోనే 30 దరిదాపులకు ఎగబాకింది.

బంగారం ధర పెరిగితే మంచిదే కదా అనిపిస్తుంది. కాని వడ్ల ధర సగానికి పడిపోయి, శిస్తు మాత్రం పడకుండా ఉన్న రోజులవి. కోయంబత్తూరు, మధుర జిల్లాల నల్లరేగడిలో పత్తి వేసిన మన తెలుగు రైతులకూ అదే గతి. అప్పిచ్చినవాడు గుమ్మంలో కూర్చుంటే, తాకట్టులోని కంటె, వంకీలు, కాసులపేరు అమ్మకానికి వచ్చాయి. అవి కరిగి బిళ్లలై, బొంబాయి రేవులో ఓడ ఎక్కి లండను చేరాయి. ఆ దశాబ్దం ముగిసేలోగా ఇలా వెళ్లిన బంగారం విలువ 300 కోట్ల రూపాయలు దాటింది. ఎగుమతి ఆపండని మన వర్తక ప్రముఖులు మొత్తుకున్నారు. జనం లాభానికి అమ్ముకుంటున్నారని ప్రభుత్వం జవాబిచ్చింది. బక్కచిక్కిన పౌనుకు ఆ బంగారం మంచి పథ్యమైంది.

1934 జులైలో ఇంగ్లండు నిరుద్యోగులకు కోసిన భృతి తిరిగి ఇచ్చారు. మీ ఇంటి అటకమీద ముత్తాతగారి పద్దుపుస్తకం ఇంకా ఉంటే, 1931, 32 సంవత్సరాల పుటలు ఒకసారి తీసి చూడండి.