లైబ్రరీ కంప్యూటర్‌లోనూ హలాల్ చూద్దాం

ఓడరేవులో, ఉక్కు కర్మాగారంలో చెమటోడ్చే మన విశాఖ సోదరులు పేటలో పిల్లల లైబ్రరీ తెరచి, ఎవరో ఇచ్చిన పాత కంప్యూటర్ అందులో పెడితే అది మెచ్చదగిన పనే. కాని అందులో ఏం వేస్తున్నాం?

అనుమతి లేకుండా కాపీ చేసిన సాఫ్ట్‌వేర్ పరుల హక్కును కాజేయడమే. విద్య పేరు చెప్పినా అది హలాల్ కాదు. ఉచితమని ఊరించే ఆటల్లో కొన్ని ప్రకటనలు చూపి, డబ్బు కట్టమని పిల్లలను వేధిస్తాయి.

తయారుచేసినవారే కాపీ చేసి పంచుకోమని అనుమతించినవీ ఉన్నాయి. ఫ్రాన్స్‌కు చెందిన బ్రూనో కుద్వాన్ 2000లో ప్రారంభించిన ‘జీ కోంప్రీ’లో 2 నుండి 10 ఏళ్ల పిల్లలకు అక్షరాలు, లెక్కలు, చదరంగం వంటి 100కు పైగా అభ్యాసాలున్నాయి. ఆ పేరు ఫ్రెంచిలో ‘నాకు అర్థమైంది’ అన్నట్టు పలుకుతుంది. బొమ్మలు గీయడానికి 2002లో అమెరికాలో బిల్ కెండ్రిక్ రూపొందించిన ‘టక్స్ పెయింట్’ ఉంది. ఒకసారి వేసుకుంటే రెండింటికీ ఇంటర్నెట్ అక్కర్లేదు.

ఏదైనా ముందు పెద్దలు ఆడి చూడాలి. ఆడపిల్లలకూ సమానంగా వంతు ఇవ్వాలి. అజాన్ వినగానే ఆపడం నేర్పాలి. పిల్లలు మన చేతిలో అల్లాహ్ పెట్టిన అమానత్. పదిమందికి ఉపయోగపడే విద్య మన తర్వాత కూడా పుణ్యమిచ్చే సదఖా జారియా.