మీకు తెలుసా? జూలో ఊగే ఏనుగు డాన్స్ చేయడం లేదు

జూలో ఏనుగు ముందు నిలబడ్డ పిల్లలు తరచూ అనే మాట ఒకటుంది: "నాన్నా, చూడు, ఏనుగు డాన్స్ చేస్తోంది!" తొండం వేలాడేసి, ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి బరువు మార్చుకుంటూ గంటల తరబడి ఊగే ఏనుగు సంబరంలో లేదు. స్వేచ్ఛగా తిరిగే అడవి ఏనుగుల్లో ఇలాంటి ఊపు కనిపించదు. నడవడానికి చోటు, వెతుక్కోవడానికి మేత, కలిసి తిరగడానికి మంద కరవైనప్పుడు శరీరం పట్టుకునే అలవాటు అది. పులి ఎన్‌క్లోజర్‌లో కంచె వెంట గడ్డి మొలవని సన్నటి బాట కనబడితే అది కూడా ఇలాంటిదే. అదే బాటలో అది రోజూ అటూ ఇటూ తిరుగుతోందన్నమాట.

జూలో ఉండడం జంతువులకు మంచిదా అని ఎవరైనా అడిగితే, ఏ జంతువుకు అని తిరిగి అడగాలి.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లో మాంసాహార జంతువుల మీద ఒక అధ్యయనం వెలువరించారు. అడవిలో ఎంత ఎక్కువ దూరం తిరిగే జంతువైతే, జూలో అంత ఎక్కువగా పచార్లు చేస్తోందని, దాని పిల్లలు కూడా అంత ఎక్కువగా చనిపోతున్నాయని తేలింది. అన్నిటికంటే అధ్వానంగా ఉన్నది ధ్రువపు ఎలుగుబంటి. సహజంగా అది తిరిగే ప్రాంతంలో జూ ఇచ్చే చోటు దాదాపు పది లక్షల వంతు మాత్రమే. జూలో పుట్టిన దాని పిల్లల్లో సుమారు 65 శాతం బతకలేదు. వేటాడే అవసరం లేదు, వేళకు మాంసం అందుతుంది, అయినా ఆ కాళ్లు నిలవవు.

ఏనుగుల లెక్క ఇంకా కలవరపెడుతుంది. 2008లో వెలువడిన ఒక అధ్యయనం యూరప్ జూలలో పుట్టిన ఆడ ఏనుగులను బయటి ఏనుగులతో పోల్చింది. ఆఫ్రికా ఏనుగుల మధ్యస్థ ఆయుష్షు జూలలో 16.9 ఏళ్లు. కెన్యాలోని అంబోసెలి జాతీయ పార్కులో సహజ మరణాలనే లెక్కలోకి తీసుకుంటే 56 ఏళ్లు. ఆసియా ఏనుగులకైతే జూలలో 18.9 ఏళ్లు. మరి వీటిని దేనితో పోల్చారో తెలుసా? మయన్మార్ అడవుల్లో టేకు దుంగలు లాగే ఏనుగులతో. పగటిపూట మోపెడు చాకిరీ చేసే ఆ ఏనుగుల మధ్యస్థ ఆయుష్షు 41.7 ఏళ్లు! పని అయ్యాక రాత్రిళ్లు వాటిని అడవిలోకి వదిలేస్తారు. తిరుగుతాయి, మేస్తాయి, తోటి ఏనుగులను కలుస్తాయి. నాకు ఈ ఒక్క పోలిక చాలు, ఏనుగుకు కావలసింది ఏమిటో అర్థం కావడానికి. ఈ లెక్కల్లో 1960ల నుంచి ఉన్న పాత మరణాలూ కలిసి ఉన్నాయి. తర్వాతి కాలంలో సంరక్షణ కొంత మెరుగైంది. మన హైదరాబాద్ నెహ్రూ జూలోని రాణి అనే ఏనుగు 83 ఏళ్లు బతికి 2021లో కన్నుమూసింది. అలాంటి రాణులు అరుదు.

అందుకని జూ అంటేనే చెర అని తీర్మానించడం కూడా న్యాయం కాదు. 2016లో యాభైకి పైగా క్షీరద జాతులను పరిశీలిస్తే, వాటిలో 80 శాతానికి మించిన జాతులు అడవిలో కంటే జూలోనే ఎక్కువ కాలం బతుకుతున్నాయని తేలింది. ముఖ్యంగా త్వరగా పెరిగి, త్వరగా పిల్లల్ని కని, త్వరగా చనిపోయే చిన్న జంతువులకు ఈ లాభం ఎక్కువ. అడవిలో వాటిని నక్కో, పామో, గద్దో ఎప్పుడూ వెంటాడుతూ ఉంటుంది, జూలో ఆ భయం లేదు. తాబేళ్ల సంగతీ వేరు. నెహ్రూ జూలో చాణక్య అని పిలుచుకున్న గాలపాగోస్ తాబేలు సుమారు 125 ఏళ్ల వయసులో 2024లో పోయింది.

చిక్కు ఎక్కడుందంటే, మనం టికెట్ కొని చూడాలనుకునేవి సరిగ్గా జూలో ఇమడలేని జంతువులే. ఏనుగు, పులి, సింహం, చింపాంజీ. జూ వల్ల నిజంగా మేలు పొందే ప్రాణుల ముందు మనం నిలబడం.

మూషిక జింకనే తీసుకోండి. కుందేలంత ఉంటుంది, మూడు కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. రాత్రిపూటే తిరుగుతుంది కాబట్టి నల్లమల పక్కనే పుట్టి పెరిగినవాళ్లలో కూడా చాలామంది దాన్ని చూసి ఉండరు. 2010లో నెహ్రూ జూ, సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ ప్రయోగశాల కలిసి కొద్దిపాటి మూషిక జింకలతో సంతానోత్పత్తి కార్యక్రమం మొదలుపెట్టాయి. సందర్శకుల రొద తగలనిచోట పెంచాయి. సంఖ్య వంద దాటింది. 2017లో కొన్నిటిని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. విశాఖ జూ ఇలాగే రేచుకుక్కల సంతతిని పెంచే పని చూస్తోంది. అరేబియా ఎడారిలో ఓరిక్స్ అనే తెల్లటి జింక 1972కల్లా పూర్తిగా అంతరించింది. అమెరికాలోని ఫీనిక్స్ జూలోనూ మరికొన్నిచోట్లా మందలు మిగిలి ఉండబట్టే 1982లో వాటిని ఒమన్‌లో మళ్లీ వదలగలిగారు. జూ ఎందుకు ఉండాలి అనే ప్రశ్నకు నాకు తెలిసిన గట్టి జవాబు ఇదే.

తెల్లపులి ఈ కోవలోకి రాదు. అది వేరే జాతేమీ కాదు, రంగు కోల్పోయిన మామూలు పులే. 1951లో రీవా మహారాజు మార్తాండ్ సింగ్ అడవిలో ఒక తెల్లపులి కూనను పట్టించి మోహన్ అని పేరు పెట్టారు. మోహన్‌ను తన సొంత కూతురు రాధతోనే జతకట్టించాక 1958లో నాలుగు తెల్లకూనలు పుట్టాయి. ఇవాళ జూలలో ఉన్న తెల్లపులుల్లో అత్యధికం ఆ వంశానివే. ఆ తెలుపుతో పాటే, కళ్ల నుంచి మెదడుకు వెళ్లే నరాల దారి కూడా తేడాగా ఏర్పడుతుంది. చాలావాటికి మెల్లకన్ను ఉండడానికి కారణం అదే. దగ్గరి రక్తసంబంధంలో పుట్టడం వల్ల వచ్చే జబ్బులు వేరే. అడవికి వీటి వల్ల ఒరిగేదేమీ లేదు. జనం చూడడానికి వస్తారని మాత్రమే వీటిని పుట్టించడం ఆపేయాలి.

ఉన్న జంతువుల బతుకు బాగుచేయడానికి దారులున్నాయి. 1994లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్ జూలో గస్ అనే ధ్రువపు ఎలుగుబంటి నీటి తొట్టిలో ఎనిమిది అంకె గీసినట్టు గంటలకొద్దీ అదే పనిగా ఈదుతుంటే, జూవాళ్లు జంతు ప్రవర్తన నిపుణుణ్ని పిలిపించారు. ఆయన సలహాతో దాని తిండిని దాచిపెట్టడం, మంచులో గడ్డకట్టించి ఇవ్వడం మొదలుపెట్టారు. వెతుక్కుని తినే పని దొరికాక దాని ఈత తగ్గింది, పూర్తిగా మాత్రం పోలేదు. ఎండాకాలం వచ్చిందంటే మన జూలలో కూలర్లు, పుచ్చకాయలు, ఐస్ దిమ్మెల ఫొటోలు పేపర్లలో వస్తుంటాయి. చల్లదనం కావలసిందే. దాంతోపాటు రోజూ ఏదో ఒకటి వెతుక్కునే పని, జనం చూపు నుంచి తప్పించుకుని దాక్కునే చోటు కూడా ఉండాలి. పులి పొదచాటున పడుకుని కనబడకపోతే డబ్బులు దండగయ్యాయని కీపర్ మీద విసుక్కోవద్దు.

2009 నవంబరులో సెంట్రల్ జూ అథారిటీ జూలలోని ఏనుగులను అటవీ శిబిరాలకు తరలించాలని ఆదేశించింది. అది పూర్తిగా అమలయ్యేదాకా మనం అడుగుతూనే ఉండాలి. మన చేతిలోనే ఉన్న పని ఇంకొకటుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 38-జె సెక్షన్ ప్రకారం జూలో జంతువును ఆటపట్టించడం, దానికి ఏదైనా తినిపించడం, అరుపులతో బెదరగొట్టడం నేరం. జైలు శిక్ష కూడా పడొచ్చు. పక్కనున్నవాళ్లు కోతికి చిప్స్ విసురుతుంటే ఈ సెక్షన్ గుర్తుచేసి, వినకపోతే అక్కడున్న సిబ్బందికి చెప్పండి.