ఆఫ్‌సీజన్ లేని యంత్రం

చక్కెర ఫ్యాక్టరీకి ఏడాదిలో రెండు కాలాలే. చలికాలంలో మొదలై ఎండలు ముదిరేలోపు ముగిసే క్రషింగ్ సీజన్ ఒకటి, మిగిలిన నెలల ఆఫ్‌సీజన్ ఇంకొకటి. నిజాంసాగర్ కాలువల ద్వారా మంజీర నీళ్ళు పొలాలకు చేరిన కొన్నేళ్ళకే, 1937లో, బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే అతిపెద్దదిగా పేరుపడ్డ ఆ ఫ్యాక్టరీ అనగానే అందరికీ గుర్తొచ్చేది క్రషింగ్ సందడి: చెరకు బండ్ల బారులు, పొగగొట్టం, గాలిలో బెల్లం వాసన. కానీ అలాంటి ఫ్యాక్టరీని నిలబెట్టేది ఆఫ్‌సీజన్. అరిగిన రోలర్లను విప్పి సరిచేసేది, బాయిలర్ గొట్టాలను శుభ్రం చేసేది అప్పుడే. తనిఖీ చేసి ధ్రువపత్రం ఇవ్వనిదే బాయిలర్ వెలిగించకూడదని 1923 నాటి చట్టమే కట్టడి చేసింది. ఇప్పుడు అదే నిజామాబాద్, బోధన్ ప్రాంతంలో జనం ఫోన్లలో తెరిచే వెబ్‌సైట్లలో చాలావాటి వెనక ఇంకో రకం యంత్రం తిరుగుతోంది. దాని పేరు పీహెచ్‌పీ. అది రాత్రీ పగలూ నడుస్తుంది, దానికి ఆఫ్‌సీజన్ లేదు. అందుకే దాని మరమ్మతులన్నీ నడుస్తుండగానే, కొత్త విడుదలల రూపంలో, భద్రతా అప్‌డేట్ల రూపంలో రావాలి. ఈ భాషను ముప్పై ఏళ్ళు బతికించింది దాన్ని కనిపెట్టిన తెలివి కన్నా ఆ మరమ్మతుల క్రమమే. ఆ మరమ్మతు మన ఊరి సర్వర్‌లోకి ఎక్కితేనే పూర్తయినట్టు. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఇదే.

పీహెచ్‌పీ పుట్టుక చాలా చిన్నది. గ్రీన్‌లాండ్‌లో పుట్టిన రాస్మస్ లెర్‌డార్ఫ్ అనే ప్రోగ్రామర్ 1994లో తన సొంత వెబ్ పేజీని ఎవరెవరు చూస్తున్నారో తెలుసుకోవడానికి సీ భాషలో కొన్ని చిన్న పనిముట్లు రాసుకున్నాడు. 1995 జూన్ 8న వాటిని మూలకోడ్‌తో సహా అందరికీ ఇచ్చేశాడు. ఆ తర్వాత ఇజ్రాయెల్‌లోని హైఫాలో టెక్నియాన్ విద్యార్థులు జీవ్ సురాస్కీ, ఆండీ గుట్మన్స్ దాని గుండెకాయను మళ్ళీ రాశారు. 1998 జూన్‌లో వచ్చిన మూడో వెర్షన్‌తో అది నిజమైన ప్రోగ్రామింగ్ భాష అయింది. పని తీరు తేలికగానే అర్థమవుతుంది. మీరు ఒక పేజీ అడుగుతారు. సర్వర్‌లోని పీహెచ్‌పీ ఆ క్షణాన కోడ్ నడిపి, డేటాబేస్‌ను అడిగి, మీకోసం ఒక పేజీ తయారుచేసి పంపి, ఆ పని అంతటితో మరిచిపోతుంది. తర్వాతి కోరికకు మళ్ళీ మొదటి నుంచి. ఈ తీరు వల్ల ఒకే సర్వర్‌ను వందల మంది చవకగా పంచుకోగలిగారు. సొంత సర్వర్ కొనే స్తోమత లేని చిన్న కాలేజీకి, నర్సింగ్ హోమ్‌కి, విత్తనాల దుకాణానికి వెబ్ తలుపు తెరిచింది ఈ చవకే. సర్వర్ వైపు ఏ భాష వాడుతున్నారో తెలిసిన వెబ్‌సైట్లలో ఇప్పటికీ డెబ్బై శాతానికి పైగా పీహెచ్‌పీ మీదే నడుస్తున్నాయి.

అయితే ఆ సులువే దాని బలహీనత కూడా అయింది. తొలి రోజుల్లో రిజిస్టర్ గ్లోబల్స్ అనే అమరిక ఉండేది. చిరునామా పట్టీలో ఎవరు ఏ పేరుతో ఏ విలువ రాసినా అది నేరుగా ప్రోగ్రాములో చలరాశిగా మారిపోయేది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు సౌకర్యమే. కానీ లాగిన్ అయ్యారా లేదా అని చూసే చలరాశిని కూడా బయటివాళ్ళు తమకు అనుకూలంగా నింపి పంపగలిగేవారు. 2002లో వచ్చిన 4.2 వెర్షన్ ఆ అమరికను, ఎవరైనా కావాలని తెరిస్తే తప్ప, ఆపి ఉంచింది. పూర్తిగా తీసేయడానికి మాత్రం 2012 నాటి 5.4 దాకా పట్టింది. డేటాబేస్‌తో మాట్లాడే పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లదీ ఇదే కథ. 2013లో వాటిని వదులుకోమని హెచ్చరించి, 2015 డిసెంబర్‌లో వచ్చిన 7.0లో తొలగించారు. మొదటి అమరికను తీసేయడానికి పదేళ్ళు ఎందుకు పట్టిందని తప్పుపట్టవచ్చు. కానీ లక్షల సైట్లు ఆధారపడిన అలవాటును ఒక్క రాత్రిలో తెంచితే అవన్నీ కూలుతాయి. ముందు హెచ్చరిక, తర్వాత గడువు, చివరికి తొలగింపు అన్న పద్ధతి అక్కడ స్థిరపడింది. తన పొరపాటును ఒప్పుకుని, గడువు చెప్పి, దిద్దుకునే ఈ గుణమే లేకపోతే పీహెచ్‌పీ తొంభైల నాటి ఒక వింతగానే మిగిలిపోయేది.

తెలుగువాళ్ళకు ఈ యంత్రంతో ఉన్న బంధం దుకాణాల సైట్లతో ఆగదు. 2003 డిసెంబర్‌లో వెన్న నాగార్జున చొరవతో మొదలైన తెలుగు వికీపీడియా నడిచేది మీడియావికీ మీద. అది రాసింది పీహెచ్‌పీలో. బోధన్ గురించి ఎవరైనా ఒక వాక్యం చేర్చి భద్రపరిస్తే, ఆ పేజీని కట్టి ఇచ్చేది ఈ భాషే. వికీమీడియా వేగం కోసం 2014లో ఫేస్‌బుక్ తయారుచేసిన హెచ్‌హెచ్‌వీఎం అనే వేరే ఇంజన్‌కు మారింది. ఈలోగా పీహెచ్‌పీ 7 పాత 5.6 కన్నా దాదాపు రెట్టింపు వేగం సాధించింది, హెచ్‌హెచ్‌వీఎం పీహెచ్‌పీని వదిలేస్తున్నట్టు ప్రకటించింది. దాంతో 2019లో వికీపీడియా మళ్ళీ పీహెచ్‌పీకే వచ్చింది.  ఇంజన్ రెండుసార్లు మారినా పాఠకులకు పెద్దగా తెలియకపోవడం మంచి నిర్వహణకు నిదర్శనం. అక్షరాల విషయంలో మాత్రం తెలుగు చాలాకాలం ఎదురుచూడాల్సి వచ్చింది. బోధన్ అన్న పేరు మన కంటికి మూడు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో ఐదు సంకేతాలు, పీహెచ్‌పీ సాధారణ లెక్కలో పదిహేను బైట్లు. అడ్డంగా కత్తిరిస్తే అక్షరం విరిగిపోతుంది. భాష లోలోపల యూనికోడ్ నింపాలన్న పీహెచ్‌పీ 6 ప్రయత్నం 2010లో ఆగిపోయింది, ఆ వెర్షన్ ఎప్పటికీ రాలేదు. ఆ పని తర్వాత ముక్కలు ముక్కలుగా సాగింది. మన కంటికి కనిపించే అక్షరాల ప్రకారమే పదాన్ని విడదీసే ఫంక్షన్ 2024 నవంబర్‌లో వచ్చిన 8.4లో చేరింది.

అక్షరాల సంకేతాల గొడవ ఎంత దూరం పోగలదో అదే ఏడాది జూన్‌లో లోకం చూసింది. దాని మూలం 2012లో ఉంది. పీహెచ్‌పీని సీజీఐ అనే పాత పద్ధతిలో నడిపితే, చిరునామాలో ప్రశ్న గుర్తు తర్వాత చిన్న అడ్డగీతతో మొదలయ్యే మాటను అది తనకిచ్చిన ఆదేశంగా పొరబడేది. బయటివాడు ఆ దారిన తన కోడ్‌ను సర్వర్‌లో నడిపించగలిగేవాడు. అప్పుడు అడ్డగీతను అడ్డుకునే తనిఖీ పెట్టి ఆ కంత మూశారు. పన్నెండేళ్ళ తర్వాత, డెవ్‌కోర్ సంస్థకు చెందిన ఆరెంజ్ త్సాయ్ అనే తైవాన్ పరిశోధకుడు ఆ మూతలో సందు పట్టుకున్నాడు. విండోస్ కొన్ని భాషల అమరికల్లో, తన దగ్గర లేని అక్షరాన్ని దానికి దగ్గరి పోలిక ఉన్న అక్షరంగా మార్చేస్తుంది. మామూలుగా కంటికి కనిపించని మెత్తని అడ్డగీత అలా అసలైన అడ్డగీతగా మారుతుంది. తనిఖీ దాటాక ఈ మార్పు జరుగుతుంది కనుక తనిఖీకి ఏమీ దొరకదు. మే 7న ఆయన తెలియజేశాడు. జూన్ 6న పీహెచ్‌పీ బృందం 8.3.8, 8.2.20, 8.1.29 వెర్షన్లు విడుదల చేసింది. రెండు రోజులు తిరిగేలోపే ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ ముఠా ఆ కంతను వాడటం మొదలుపెట్టింది. చైనీస్, జపనీస్ అమరికలున్న విండోస్‌లో ఈ లోపం నిర్ధారణ అయింది. విద్యార్థులు నేర్చుకోవడానికి విరివిగా వాడే జాంప్ అనే సాఫ్ట్‌వేర్ మూట విండోస్‌లో అమరికలేవీ మార్చకుండానే ఈ దాడికి లోనయ్యేలా ఉండేది. 8.0, 7, 5 వెర్షన్లు నడుపుతున్నవాళ్ళకు ఏ అప్‌డేటూ రాలేదు, వాటి గడువు అప్పటికే తీరిపోయింది కాబట్టి.

ఈ సంఘటనలో గమనించాల్సింది తేదీలు. లోపం తెలిసిన నెలలోపే మరమ్మతు సిద్ధమైంది, ఉచితంగా అందింది. మరమ్మతు వచ్చిన రోజే దాడిచేసేవాడికి కూడా కంత ఎక్కడుందో తెలిసింది. కనుక ఆ రోజు నుంచి అప్‌డేట్ చేసుకున్నవాడికి రక్షణ, చేసుకోనివాడికి మునుపటికన్నా ఎక్కువ ముప్పు. ఏ వెర్షన్‌కు ఎన్నాళ్ళు మరమ్మతులు వస్తాయన్నది ముందే ప్రకటించిన క్యాలెండర్ ప్రకారం నడుస్తుంది. ఏటా చలికాలం మొదట్లో ఒక కొత్త వెర్షన్ వస్తుంది. రెండేళ్ళు అన్ని లోపాలకూ, ఆ తర్వాత భద్రతా లోపాలకు మాత్రమే మరమ్మతులు ఇస్తారు. ఆ రెండో దశను 2024లో ఏడాది నుంచి రెండేళ్ళకు పెంచారు. 2025 నవంబర్ 20న వచ్చిన 8.5కు 2029 చివరి దాకా, అంతకు ముందటి 8.4కు 2028 చివరి దాకా రక్షణ ఉంది. 8.1 గడువు 2025తో ముగిసింది.

ఇక్కడ ఎదురయ్యే మొదటి అభ్యంతరం: నడుస్తున్నదాన్ని ఎందుకు కదపాలి? కదిపితే పాత కోడ్ ఆగిపోవచ్చన్న భయం నిజమైనదే. సున్నానూ ఏదైనా మాటనూ పోల్చితే సమానమనే పాత వింతను 2020లో వచ్చిన 8.0 సరిచేసింది. ఆ వింత మీద ఆధారపడ్డ ప్రోగ్రాములు తప్పు దారి పట్టాయి. కానీ ఒక్కొక్క మెట్టూ ఎక్కేవాడికి ఈ ఖర్చు చిన్నది. పదేళ్ళు ఆగి ఒకేసారి ఎగరాలనుకునేవాడికే అది కొండంత. ఉబుంటు, రెడ్ హ్యాట్ వంటి సంస్థలు తమ దీర్ఘకాలిక విడుదలల్లో పాత పీహెచ్‌పీకి కూడా కొన్నేళ్ళు భద్రతా మరమ్మతులు ఇస్తాయి కనుక, వెంటనే మారలేనివాళ్ళకూ దారి ఉంది. రెండో అభ్యంతరం: బోధన్‌లో ఒక చిన్న స్కూల్ సైట్ మీద ఎవరు దాడి చేస్తారు? దాడి చేసేది మనిషి అయితే ఈ ప్రశ్నకు బలం ఉండేది. ఇంటర్నెట్‌లోని చిరునామాలన్నిటినీ వరుసగా తట్టి చూసేవి ప్రోగ్రాములు. వాటికి హైదరాబాద్ బ్యాంకూ బోధన్ బడీ ఒక్కటే. దొరికిన సర్వర్‌ను మోసపు పేజీలు పెట్టడానికో, ఇతరుల మీద దాడికో వాడుకుంటాయి. ఆ బడి దగ్గర పిల్లల పేర్లు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, ఆధార్ వివరాలు ఉంటే నష్టం ఇంకా పెద్దది.

మూడో అభ్యంతరం లోతైనది. యజమాని లేని, ఎవరైనా చూడగల కోడ్‌ను ఎలా నమ్మాలి? 2021 మార్చి 28న పీహెచ్‌పీ సొంత సర్వర్‌లోని మూలకోడ్‌లోకి ఎవరో చొరబడి, రాస్మస్ లెర్‌డార్ఫ్, పీహెచ్‌పీ ముఖ్య ప్రోగ్రామర్లలో ఒకరైన నికితా పోపోవ్ పేర్లతో, అచ్చుతప్పు దిద్దుతున్నట్టు నటిస్తూ ఒక దొడ్డిదారి పెట్టారు. అది విడుదలలోకి ఎక్కకముందే, కొన్ని గంటల్లోనే, కోడ్ మార్పులను చదువుతున్న ఇతర ప్రోగ్రామర్లు పట్టుకున్నారు. కోడ్ అందరికీ కనిపించడం వల్లే ఆ మోసం నిలవలేదు. అయితే ఈ అభ్యంతరంలో ఒక నిజం ఉంది. చూసే కళ్ళు చాలా ఉన్నా, ఇంజన్ లోతు తెలిసి మరమ్మతు చేయగల చేతులు అప్పట్లో చాలా తక్కువ. అదే ఏడాది పోపోవ్ వేరే పనికి వెళ్తున్నాడని తెలిశాక, జెట్‌బ్రెయిన్స్, ఆటోమాటిక్, జెండ్, లారావెల్ వంటి సంస్థలు కలిసి నవంబర్‌లో పీహెచ్‌పీ ఫౌండేషన్ పెట్టాయి. అది ప్రోగ్రామర్లకు జీతం ఇచ్చి ఈ పని చేయిస్తోంది. జర్మనీ ప్రభుత్వ నిధి సాయంతో క్వార్క్స్‌ల్యాబ్ అనే సంస్థ చేసిన భద్రతా పరిశీలన నివేదిక 2025లో వెలువడింది. యంత్రాన్ని చూసుకునే సంస్థ చెదిరితే ఏమవుతుందో బోధన్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో ఆగింది. నష్టాలు, చేతులు మారిన యాజమాన్యం, చెరకు తగ్గడం అంటూ కారణాల మీద వాదనలు సాగుతూనే ఉన్నాయి. వాటిలో ఏదీ చెరకు పిండటం చేతకాకపోవడం కాదు.

కాబట్టి మన వంతు ఏమిటన్నది తేల్చుకోవాలి. మన దగ్గర వెబ్‌సైట్ అంటే ఇల్లు కట్టించుకున్నట్టు ఒక్కసారి డబ్బిచ్చి తీసుకునే వస్తువు. కట్టినవాడు వెళ్ళిపోతాడు, వెర్షన్ అక్కడే ఆగిపోతుంది. ఈ ఒప్పందం మారాలి. కట్టడానికి ఇచ్చే సొమ్ముతో పాటు ఏటా అప్‌డేట్లకు ఇంత అని రాసుకోవాలి, ఏ వెర్షన్ మీద నడుస్తోందో, దాని గడువు ఎప్పుడో ఒప్పంద పత్రంలో ఉండాలి. బ్యాకప్ తీసి, వేరే చోట పరీక్షించి, ఆ తర్వాతే అసలు సైట్‌కు ఎక్కించే పని ఎవరిదో తేల్చుకోవాలి. ఒక్కొక్కరికీ అంత శక్తి లేకపోతే ఉమ్మడిగా చేసుకునే దారి మన ముందే ఉంది. నిజామాబాద్ జిల్లా అధికారిక వెబ్‌సైట్ కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ వారి ఎస్‌త్రీవాస్ వేదిక మీద నడుస్తుంది. దేశంలో వందల జిల్లాలకు ఒకే వేదిక, కనుక మరమ్మతు ఒక చోట చేస్తే అన్నిటికీ చేరుతుంది. కాలేజీలు, సహకార సంఘాలు, చిన్న ఆస్పత్రులు అదే పద్ధతిలో కలిసి ఒక నిపుణుణ్ణి పెట్టుకోవచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమాచారం దాచుకునేవాడే తగిన భద్రత చూపాలని చెబుతోంది, విఫలమైతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చంటోంది. జరిమానా భయం కన్నా న్యాయం ముఖ్యం. ఎక్కడో కూర్చున్న ప్రోగ్రామర్లు మన ముఖం కూడా చూడకుండా కంత మూసే పని చేసి ఉచితంగా ఇచ్చారు. మన పిల్లల, రోగుల, రైతుల వివరాలను జనం నమ్మి మనకు అప్పగించారు. ఈ రెండింటి మధ్య మిగిలింది ఒక పూట పని, ఏడాదికి కొంత ఖర్చు. దాన్ని బడ్జెట్‌లో రాసుకోని సంస్థకు ఆ వివరాలు అడిగే హక్కు లేదు.