అణువులను తూచు ఉమ్మడి యంత్రము



ధవళేశ్వరమున 1852లో ముగిసిన ఆనకట్ట మన కోనసీమ చేలకు నీరిచ్చుచున్నది. అట్టిదానిని ఏ రైతును ఒంటరిగ కట్టుకొనజాలడు. కాలువ ఉమ్మడిది, వంతు ఎవరిది వారిది. విశ్వవిద్యాలయములలో రసాయనశాస్త్రమునకు కావలసిన మాస్ స్పెక్ట్రోమీటరను యంత్రమునకును ఈ న్యాయమే వర్తించును.

ఇది అణువుల బరువు తెలుపు యంత్రము. కళ్లమున తూర్పారబట్టునప్పుడు పొల్లు దూరముగ పోవును, గట్టిగింజ చేరువనే పడును గదా. అట్లే ఇందు పదార్థమును ఆవిరిచేసి, అణువులకు విద్యుత్తు తగిలించి, గాలిలేని గొట్టమున పరుగెత్తింతురు. అయస్కాంతము లాగగా తేలికవి ఎక్కువగను, బరువైనవి తక్కువగను వంగును. ఆ వంపే బరువును చెప్పును. నేడు వేరు పద్ధతుల యంత్రములును కలవు. 1913లో థామ్సను నియాను వాయువున 20, 22 బరువులు గల రెండువిధముల పరమాణువులను ఇట్టి ఉపాయముననే కనుగొనెను. ఆయన సహాయకుడైన ఆస్టను 1919లో మేలైన యంత్రమును నిర్మించి, 1922లో నోబెలు బహుమానమందెను.

ఇది మనకేల యందురా? కొబ్బరినూనెలో ఇంచుమించు సగము లారిక్ ఆమ్లము. దాని అణుభారము 200. పామాయిలున మెండుగ నుండు పామిటిక్ ఆమ్లపు భారము 256. పామాయిలు కల్తీచేసినచో రెండవదాని పాలు మితిమీరి ఈ యంత్రమున పట్టుబడును.

మేలైన యంత్రము వెల కోట్లలో నుండును. కొనుటతో పని ముగియదు. గాలిని తోడు పంపులు రాత్రింబవళ్లు తిరుగవలెను, కరెంటు ఆగరాదు, మరమ్మతునకు ఏటేట సొమ్ము కావలెను. మర్మమెరిగిన నిపుణుడు లేనిచో యంత్రము ముసుగు కప్పుకొని మూలనుండును.

కావుననే కేంద్రప్రభుత్వము 1970 దశకమున ప్రాంతీయ పరికరకేంద్రములను నెలకొల్పి, ఇతర సంస్థలవారును రుసుము చెల్లించి పరీక్షలు చేయించుకొను వీలు కల్పించెను. హైదరాబాదున 1944లో పుట్టిన ప్రయోగశాల పిదప భారతీయ రసాయన సాంకేతిక సంస్థయై, ఈ విద్యకొక జాతీయకేంద్రమును నెలకొల్పినది.

అయితే నమూనా పంపినచో ఫలితము కాగితముపై వచ్చును గాని, విద్యార్థికి పని రాదు. అమలాపురము నుండియో రాజోలు నుండియో పోయిన బిడ్డ పుస్తకమున బొమ్మ మాత్రము చూచి పట్టము పుచ్చుకొనుట తగునా? రాజమహేంద్రవరమున 2006లో వెలసిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము వంటివి ఇరుగుపొరుగు కళాశాలలతో కూడి యంత్రము కొనదలచినచో, ముందుగనే మూడు కట్టుబాట్లు వ్రాసికొనవలెను. పరిశోధకులకెన్ని దినములు, విద్యార్థులకెన్ని? మరమ్మతు సొమ్మెవరిది? నిపుణుని జీతమెవరిది?

కాలువ త్రవ్వుట ఒకనాటి పని, పూడిక తీయుట ఏటేటి పని. శివారు చేనికి నీరందినదా లేదా యని విచారించుట పెద్దల వంతు. మీ బిడ్డలు చదువు కళాశాలకు పోయినప్పుడు ఈ మూడు ప్రశ్నలను తప్పక అడుగుడు.