హైబ్రిడ్ కారు కొందామా? ముందు లెక్కేద్దాం!

కొత్త కారుకి కొబ్బరికాయ కొట్టీ కొట్టకముందే ఇరుగుపొరుగు అడిగే మాట ఒకటే... 'మైలేజీ ఎంతిస్తుంది?'. మారుతీ గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ హైబ్రిడ్లకు కంపెనీలు చెప్పిన లెక్క లీటరుకి 27.97 కిలోమీటర్లు. రాయ్‌పూర్‌లో పెట్రోలు లీటరు వంద రూపాయలకు అటూఇటూగా ఉన్న ఈ రోజుల్లో ఆ అంకె ఎవరినైనా ఊరిస్తుంది.

మన దేశానికి హైబ్రిడ్లు కొత్త కాదు. 2008లో హోండా సివిక్ హైబ్రిడ్, 2010లో టయోటా ప్రియస్ వచ్చాయి. ధర చూసి జనం దండం పెట్టేశారు. 2022లో సిటీ ఈహెచ్ఈవీ, గ్రాండ్ విటారా, హైరైడర్, ఏడాది చివర్లో ఇన్నోవా హైక్రాస్ వరసగా దిగాకే మధ్యతరగతి వీటివైపు తలతిప్పింది.

రాయ్‌పూర్ జైస్తంభ్ చౌక్ దగ్గర సాయంత్రం ఏడింటి ట్రాఫిక్‌లో మామూలు కారు నిలబడి పెట్రోలు తాగుతుంటుంది. హైబ్రిడ్‌లో ఇంజిను ఆగిపోతుంది, కదిలేటప్పుడు ఎలక్ట్రిక్ మోటారు లాగుతుంది. బ్రేకు నొక్కినప్పుడు వేడిగా పోవాల్సిన శక్తిలో కొంత కరెంటుగా మారి బ్యాటరీకి చేరుతుంది. ప్లగ్గు పెట్టే పని లేదు. పాండ్రీ నుంచి తేలీబాంధా దాకా ఆగుతూ సాగే ప్రయాణమే దీనికి అచ్చొచ్చిన దారి. అయితే హైరైడర్ బ్యాటరీలో పట్టేది 0.76 యూనిట్లే. అదే ఎలక్ట్రిక్ కారైన తొలి నెక్సాన్ ఈవీలో 30.2 యూనిట్లు! అందుకే 44 డిగ్రీల మే నెల ఎండలో ఏసీ వేసుకుని కూర్చుంటే సిగ్నల్ దగ్గర కూడా ఇంజిను మధ్యమధ్య లేస్తుంది. అది లోపం కాదు, కంగారుపడక్కర్లేదు. బ్యాటరీ కోసం వెనక డిక్కీ మాత్రం బాగా తగ్గుతుంది. సంక్రాంతికి సొంతూరు వెళ్లే కుటుంబాలు సామాను సర్ది చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వడం మంచిది.

ఇక డబ్బు. ఆటోమేటిక్ పెట్రోలు కారుకన్నా హైబ్రిడ్‌కి 2 లక్షలు ఎక్కువనుకుందాం. ఊళ్లో మామూలు కారు లీటరుకి 15, హైబ్రిడ్ 22 ఇచ్చాయనుకుంటే కిలోమీటరుకి మిగిలేది రెండు రూపాయల పైచిలుకు. అంటే ఆ 2 లక్షలు తిరిగి రావడానికి సుమారు 94,000 కిలోమీటర్లు తిరగాలి. నెలకి వెయ్యి కిలోమీటర్లు నడిపే ఉద్యోగికి దాదాపు ఎనిమిదేళ్లు! శంకర్ నగర్ నుంచి నవ రాయ్‌పూర్ సచివాలయానికీ, అక్కడి నుంచి ఊళ్లో పనులకీ తిరుగుతూ నెలకి 2,500 కిలోమీటర్లు దాటించేవాళ్లకు మూడేళ్లు దాటగానే వచ్చేస్తాయి.

భిలాయిలో ఉంటూ రోజూ రాయ్‌పూర్ వచ్చిపోయే మనవాళ్లు తక్కువేం కాదు. తిరిగే దూరం ఎక్కువే కానీ, అదంతా హైవే. ఒకే వేగంతో పోయేచోట మోటారుకి పని తక్కువ, పొదుపూ తక్కువే. విశాఖకి కడుతున్న 464 కిలోమీటర్ల ఆరు వరసల దారి పూర్తయినా ఇదే కథ. పాత దారిలో కేశ్‌కాల్ ఘాట్ దిగేటప్పుడు బ్యాటరీ ఇట్టే నిండుతుంది. చిన్నది కదా, నిండాక మిగిలింది వృథాయే.

'అయితే ఎలక్ట్రిక్కే తీసుకుంటే?' అంటారా! ఇంట్లో పార్కింగూ ఛార్జింగ్ పాయింటూ ఉండి, ఊరు దాటని వాళ్లకు అదే చవక. పన్నులో కూడా తేడా ఉంది: ఎలక్ట్రిక్ కారుకి జీఎస్టీ 5 శాతం, గ్రాండ్ విటారా, హైరైడర్ సైజు హైబ్రిడ్లకు 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. కోర్బా బొగ్గుతో వచ్చే కరెంటుతో నడిపి 'పొగే లేదు' అనడం మాత్రం నాకు కొంచెం అతిగానే అనిపిస్తుంది. పన్ను రాష్ట్రాన్ని బట్టి కూడా మారుతుంది: మోటారే సొంతంగా బండిని నడపగల స్ట్రాంగ్ హైబ్రిడ్లకు ఉత్తర్‌ప్రదేశ్ 2024లో రిజిస్ట్రేషన్ పన్ను ఎత్తేసింది. అక్కడి ధర చూసి ఇక్కడ బడ్జెట్ వేసుకోకండి.

షోరూములో 'స్మార్ట్ హైబ్రిడ్' అన్నా పొంగిపోవద్దు. అందులో మోటారు ఇంజినుకి చేయూతనిస్తుందే తప్ప సొంతంగా బండిని నడపదు. కావాల్సింది స్ట్రాంగ్ హైబ్రిడ్ అయితే ఆ మాట బిల్లులో చూసుకోండి. బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లో, ఎన్ని కిలోమీటర్లో కాగితం మీద రాయించుకోండి. నెలకి వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగని ఇంటికి పొదుపు కోసం హైబ్రిడ్ దండగ. ఊళ్లో సాఫీగా, చప్పుడు లేకుండా నడిచే బండి కోసమైతే కొనుక్కోవచ్చు.